నాగావళి, వంశధార ఒండ్రు పటానికి క్యూఫీల్డ్: ఎక్కడ నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్వాటర్నరీ నిక్షేపాల, అంటే భూచరిత్రలో చివరి కాలంలో చేరిన మట్టి, ఇసుకల పటం గీసే పనికి క్యూఫీల్డ్ యాప్ పనికొస్తుందా అంటే, బాగానే పనికొస్తుంది. డబ్బు పెట్టి కొనే యాప్‌లకి తీసిపోదు. చిక్కల్లా ఒక్కటే. అది గీసే గీత ఎంత సన్నగా, ఎంత నిబ్బరంగా ఉంటుందో నేల మీద హద్దు అంత సన్నగా ఉండదు. ఖొండలైటు రాతి కొండకీ దాని అడుగునున్న మట్టికీ మధ్య గీత పెడితే ఎవరూ కాదనరు. వరద మైదానం ఎక్కడ ఆగి పాత మెట్ట ఒండ్రు ఎక్కడ మొదలైందో చెప్పమంటే మాత్రం ఇద్దరు భూవిజ్ఞానులు రెండు గీతలు గీస్తారు. వాటి మధ్య 200 మీటర్ల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. యాప్ ఆ అనుమానాన్ని మింగేసి, చూడముచ్చటైన పటం చేతిలో పెడుతుంది. మింగకుండా అడ్డుకునే వీలు కూడా అందులోనే ఉంది గానీ, దాన్ని బయలుదేరకముందే అమర్చుకోవాలి. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ అమరిక గురించే.

క్యూఫీల్డ్ అంటే, కంప్యూటర్‌లో పటాలు గీసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఫోన్ రూపం. ఓపెన్‌జీఐఎస్ అనే స్విస్ సంస్థ తయారుచేస్తోంది. ఉచితం, ఓపెన్ సోర్స్. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్ ట్యాబ్ అన్నింటిలోనూ నడుస్తుంది. కంప్యూటర్‌లో క్యూజీఐఎస్ ప్రాజెక్టు కట్టి, రంగులు, ఫారాలు, బేస్ మ్యాపులు అక్కడే సిద్ధం చేసుకుని, క్యూఫీల్డ్‌సింక్ ప్లగిన్‌తో మూటగట్టి ఫోన్‌లోకి ఎక్కించాలి. పొలం గట్టు మీద నిలబడి ఫారం డిజైన్ చేద్దామనుకుంటే కుదరదు. క్యూజీఐఎస్ రానివాళ్లకి ఈ యాప్ వల్ల ఒరిగేది తక్కువ. ముందు అది కొంత పట్టుబడాలి.

ఏం గీయాలో తేలకుండా యాప్ తెరవకండి

తూర్పు కనుమల ఖొండలైటుకీ, చార్నొకైటుకీ, గ్రానైటు నైస్‌కీ తలో రంగు వేసి, మిగిలిన పల్లమంతా లేత పసుపు పూసి ‘ఒండ్రు’ అని రాసేయడం పాత భూవిజ్ఞాన పటాల అలవాటు. కానీ పక్క ఊళ్లో నీళ్లుండగా ఈ ఊరి బోరు ఎందుకు ఎండిందో, ఇటుక బట్టీలన్నీ ఆ ఒక్క చోటే ఎందుకున్నాయో, వరద ఏ వీధి దాకా వస్తుందో చెప్పేది ఆ పసుపులోని తేడాలే. క్వాటర్నరీ అంటే గడిచిన 25.8 లక్షల ఏళ్లు. అందులో చివరి 11,700 ఏళ్లు హోలోసీన్. మన నదుల దిగువ భాగంలో చేతికి తగిలే మట్టి చాలావరకు ఈ హోలోసీన్‌దే.

అందుకని కోడ్‌ల జాబితా ముందు కాగితం మీద తేల్చుకోవాలి. ఇక్కడి లోయలకి పదిహేను దాకా చాలు: పారే నది ఇసుక, లంకలు, ఇసుక తిప్పలు, ఏటా మునిగే వరద మైదానం, పెద్ద వరదకే మునిగే గట్టు నేల, నది వదిలేసిన పాత పాయ, సున్నపు కంకర గడ్డలున్న పాత మెట్ట ఒండ్రు, కొండ అడుగున గెడ్డలు విసనకర్రలా పరిచిన రాళ్లు, మట్టి, వాలు మీద జారి చేరిన మట్టి, సముద్రతీరపు ఇసుక గట్లు, వాటి మీద గాలి పోసిన దిబ్బలు, గట్ల మధ్య పల్లాలు, అంటే బీల, తంపర భూములు, ఉప్పుటేరు బురద, నౌపడ వైపు ఉప్పు మడులు. భీమిలి ఎర్రమట్టి దిబ్బల తరహా ఎర్ర ఇసుక ఎక్కడైనా తగిలితే దానికో విడి కోడ్. మనుషులు కదిలించిన నేలకి కూడా ఒక కోడ్ తప్పనిసరి. చెరువు గట్లు, ఇసుక తవ్విన గోతులు, లేఅవుట్ కోసం పోసిన గ్రావెల్ ఇవన్నీ వేరే కోడ్‌లలో కలిపేస్తే ఆ పటం తర్వాత దేనికీ పనికిరాదు.

జాబితాలో ఇరవై దాటితే పొలంలో ఎవరూ సరిగా ఎంచుకోరు. ఎండలో తెర సరిగా కనిపించదు, మొదటి నాలుగు కోడ్‌లే మళ్లీ మళ్లీ నొక్కుతారు. ఎక్కువసార్లు వాడే కోడ్‌లని పైకి తెచ్చుకోండి.

జోను గొడవ

ఈ ప్రాంతంలో పని చేసేవాళ్లకి మొట్టమొదట తగిలే రాయి యూటీఎం జోను, అంటే మీటర్లలో చోటు చెప్పడానికి భూమిని ఆరేసి డిగ్రీల నిలువు పట్టీలుగా విడగొట్టిన లెక్క. 84 డిగ్రీల తూర్పు రేఖాంశం సరిగ్గా శ్రీకాకుళానికీ నరసన్నపేటకీ మధ్యగా పోతుంది. దానికి పడమర 44వ జోను, తూర్పు 45వది. విజయనగరం, ఆమదాలవలస, శ్రీముఖలింగం 44లో పడితే నరసన్నపేట, శాలిహుండం, కళింగపట్నం, టెక్కలి, పలాస 45లో పడతాయి. వంశధార దిగువ లోయ రెండు ముక్కలైనట్టే. టోపోషీట్లు (సర్వే ఆఫ్ ఇండియా పటాలు) కూడా అక్కడే మారతాయి: శ్రీకాకుళం పట్నం 65ఎన్/15లో, కళింగపట్నం 74బి/3లో.

దీనివల్ల జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. ఎవరో ఎక్సెల్‌లో ఈస్టింగు, నార్తింగు (తూర్పుకీ, ఉత్తరానికీ ఎన్ని మీటర్లో చెప్పే) అంకెలు పంపుతారు, జోను రాయరు. కళింగపట్నం ఈస్టింగు 45వ జోనులో 2 లక్షల లోపు వస్తుంది, 44వ జోనులో అయితే 8 లక్షల 30 వేల దరి. 45వ జోను అంకెలని 44వ జోనువి అనుకుని ఎక్కిస్తే ఆ పాయింటు పోయి తెలంగాణలో కామారెడ్డి దరిదాపుల్లో పడుతుంది. అంత దూరం పడింది కాబట్టి కనీసం కంట పడుతుంది. అసలు ప్రమాదం పాత ఎవరెస్ట్ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు కొలిచే ఆధారం) మీద గీసిన టోపోషీట్లది. వాటిని డేటమ్ మార్చకుండా జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 మీద పరిస్తే ఇక్కడ సుమారు 200 మీటర్లు పక్కకి జరుగుతాయి. నది గట్టు నదిలోనే ఉన్నట్టు కనిపించినా, ‘నది మారిందేమో’ అనుకుని వదిలేస్తారు. కదిలే నదుల దగ్గర ఇది మరీ మోసం. పాత షీటుని రైలు వంతెన, గుడి, కొండ శిఖరం లాంటి కదలని గుర్తులతో సరిచూసుకున్నాకే నది కదిలిందా లేదా అన్న మాట ఎత్తాలి.

మందు సులువే. డేటా మొత్తం అక్షాంశ రేఖాంశాల్లో, అంటే ఈపీఎస్‌జీ 4326లో దాచండి. ప్రాజెక్టు చూపు మాత్రం రెండు జిల్లాలకీ కలిపి ఈపీఎస్‌జీ 32644లో, అంటే 44వ జోనులో పెట్టుకోండి. జోను అంచు దాటి పలాస దాకా వెళ్లినా కిలోమీటరుకి మీటరు, మీటరున్నర లోపే సాగుతుంది. 1:50,000 పటానికి అది లెక్కలోకి రాదు. విస్తీర్ణాలు ఎలిప్సాయిడల్‌గా, అంటే భూమి గుండ్రదనం చూసుకుని లెక్క కట్టమంటే క్యూజీఐఎస్ ఆ సాగుడు కూడా కలపదు.

ఎత్తుల పటం: సరుగుడు తోట దిబ్బ కాదు

నదీ సోపానాలు (నది పూర్వం వదిలిన మెట్లు), ఇసుక గట్లు ముందుగా పసిగట్టేది డిజిటల్ ఎత్తుల నమూనాలో, అంటే డెమ్‌లో. ఉచితంగా దొరికేవాటిలో కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ మేలు. 2011 నుంచి 2015 వరకు రాడార్ ఉపగ్రహాలు తీసిన కొలతల మీద కట్టింది. అయితే అది నేల ఎత్తు కాదు, పైకప్పు ఎత్తు. కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు తోటల తలలు అందులో కలిసిపోతాయి. ఉద్దానంలోనూ, కళింగపట్నం నుంచి భావనపాడు దాకా తీరం పొడవునా ఈ చిక్కే. సముద్రానికి సమాంతరంగా పొడుగ్గా లేచిన సరుగుడు తోట అచ్చం ఇసుక గట్టులా కనిపిస్తుంది. అంచు గజం బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉండి, మూల తొంభై డిగ్రీలు తిరిగితే అది తోటే. ఆ ఏళ్లలో ఉన్న తోట ఇప్పటికి కొట్టేసి ఉండొచ్చు కూడా. అందుకని డెమ్‌ని ఇప్పటి ఫొటోతో కాక ఆ కాలపు ఉపగ్రహ చిత్రంతో పోల్చాలి. చెట్లు, ఇళ్లు తీసేసిన ఫాబ్‌డెమ్ అనే రూపం ఉంది, తోటల దగ్గర దానితో కొంత ఊరట. వ్యాపార పనులకి దాని లైసెన్సు ఒప్పుకోదు, అది గుర్తుంచుకోండి.

‘12.5 మీటర్ల అలోస్ డెమ్’ అని చాలామంది ఎగబడి దించుకుంటారు. మన ప్రాంతంలో అది 2000 ఫిబ్రవరి నాటి ఎస్ఆర్‌టీఎం కొలతల్నే చిన్న గళ్లుగా కోసి ఇచ్చింది. గడి చిన్నదైనంత మాత్రాన కొత్త సమాచారం రాదు.

నది మీద ఎంత ఎత్తులో ఉందో చూపే సాపేక్ష ఎత్తు నమూనా కట్టుకుంటే సోపానాలు బాగా విడిపోతాయి. నది నడిమి గీత గీసి, దాని మీద ప్రతి 500 మీటర్లకి ఒక బిందువు పెట్టి, ఒక్కో బిందువు దగ్గర డెమ్ ఎత్తు తీసుకోవాలి. వంతెనల మీద పడ్డ బిందువులు తీసేసి, మిగిలిన వాటిని లోయ వెడల్పంతా ఇంటర్‌పొలేట్ చేసి (మధ్య విలువలు లెక్కగట్టి), వచ్చిన తలాన్ని డెమ్‌లోంచి తీసివేయాలి. నది మెలికల దగ్గర చిన్న వ్యాసార్థంతో ఐడీడబ్ల్యూ (దగ్గరి బిందువుకి ఎక్కువ బరువిచ్చే పద్ధతి) వాడితే పులి చారల్లా గీతలు వస్తాయి, వ్యాసార్థం పెంచండి. ఇంకో జాగ్రత్త ఆనకట్టలది. నారాయణపురం ఆనకట్ట, గొట్టా బ్యారేజీ, తోటపల్లి దగ్గర పైన నీరు నిలిచి కింద ఒక్కసారిగా దిగుతుంది. నది గీతని అక్కడ రెండుగా తెంపకపోతే ఆనకట్ట చుట్టూ లేని సోపానం ఒకటి పుట్టుకొస్తుంది. చెరువు గట్లు, జాతీయ రహదారి 16, హౌరా–చెన్నై రైలు కట్టలు కూడా నిజం గట్లలాగే లేచి ఉంటాయి.

వీటన్నింటికీ మించిన పరిమితి ఒకటుంది. ఈ డెమ్ ఎత్తులో నాలుగు మీటర్ల దాకా తప్పు ఉండొచ్చని తయారుచేసినవాళ్లే చెబుతారు. మన దిగువ నాగావళిలో రెండు మెట్ల మధ్య తేడా రెండు మూడు మీటర్లే ఉన్న చోట డెమ్ చూసి సోపానం గీయడం కళ్లు మూసుకుని గీయడమే. వరి మడులు చదును చేసీ చేసీ అసలు అంచు పొలం గట్టుగా మారిపోయి ఉంటుంది. అక్కడ డంపీ లెవెలో, డీజీపీఎస్సో పెట్టి అడ్డకోతలు తీయాల్సిందే.

ఉపగ్రహ చిత్రాల్లో సెంటినెల్-2 చాలు. 10 మీటర్ల గడి, ఐదు రోజులకోసారి కొత్త చిత్రం. ఏ నెలది ఎంచుకుంటామన్నదే ముఖ్యం. వరి కోత, ఆ తర్వాతి అపరాలు అయిపోయాక మార్చి, ఏప్రిల్, మే చిత్రాల్లో బోడి నేల రంగు తెలుస్తుంది. ఫిబ్రవరి చిత్రంలో చుట్టూ ఎండిన పొలాల మధ్య వంకర తిరిగిన పచ్చటి పట్టీ కనిపిస్తే అది పాత పాయ కావచ్చు, అడుగున తేమ ఇంకా ఉందన్నమాట. 12, 8, 4 బ్యాండ్ల కలయిక ఆ తేడాని ఎత్తి చూపుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. దానికి ముందూ వెనుకా చిత్రాలు పక్కపక్కన పెడితే వంశధార కొత్తగా ఎక్కడ ఇసుక మేట వేసిందో, ఎక్కడ గట్టు కోసిందో బోధపడుతుంది. ఈ లోయలో ‘ఏటా మునిగే’, ‘పెద్ద వరదకే మునిగే’ అన్న రెండు కోడ్‌లని విడదీయడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. అప్పుడు మబ్బులుంటే సెంటినెల్-1 రాడార్ చిత్రం వాడండి.

ఇవన్నీ ఫోన్‌లోకి ఎంబీటైల్స్‌గా, అంటే చిన్న ముక్కలుగా కోసిన పటం ఫైలుగా మార్చి ఎక్కించాలి. సెంటినెల్‌కి జూమ్ 14 సరిపోతుంది, ఇక్కడ అది గడికి 9 మీటర్ల చిల్లర. 18 దాకా టైల్స్ కోయిస్తే ఫైలు వందల రెట్లు ఉబ్బుతుంది, వివరం మాత్రం ఒక్క గింజ పెరగదు. యాప్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేసేవాళ్ల ప్రాజెక్టు తెరిచి చూస్తే పది సార్లలో తొమ్మిది సార్లు తప్పు ఇక్కడే ఉంటుంది.

ఫారం అమరిక: అనుమానానికి ఒక గడి

పాలిగన్లు నేరుగా గీయొద్దు. హద్దుల్ని గీతలుగా గీసి, ప్రతి ముక్క మధ్యలో కోడ్‌తో ఒక బిందువు పెట్టి, పాలిగన్లు ఇంటికొచ్చాక కట్టుకోవాలి. పాలిగన్‌కి ఒకే కోడ్ ఉంటుంది, కానీ దాని చుట్టూ ఉన్న హద్దులో ఒక వైపు ఖాయం, ఇంకో వైపు ఊహ. ఆ తేడా మోసేది గీత మాత్రమే. అమెరికా భూవిజ్ఞాన సర్వే వాడే జెమ్స్ పద్ధతిలో ప్రతి హద్దుకీ మూడు ప్రశ్నలుంటాయి: ఈ హద్దు నిజంగా ఉందా, ఇది ఫలానా రకం హద్దేనని ఎంత నమ్మకం, ఉన్న చోటు ఎన్ని మీటర్ల అటూఇటూ. ఆ మూడూ యథాతథంగా ఎత్తుకొచ్చేయండి. మూడోది తప్పనిసరి గడిగా పెట్టి, దానికి డిఫాల్ట్ విలువ ఇవ్వకండి. డిఫాల్ట్ ఇస్తే అందరూ దాన్నే వదిలేస్తారు. దీనితో పాటు ఎలా తెలిసింది అన్న గడి: కోత గట్టులో చూసి, ఆగర్ (మట్టి తోడే చేతి బర్మా) వేసి, నేల రంగు బట్టి, డెమ్ బట్టి, రైతు చెప్పి. క్యూఫీల్డ్‌లో ఇవన్నీ డ్రాప్‌డౌన్‌లుగా చక్కగా కుదురుతాయి. ఫోన్ జీపీఎస్ ఖచ్చితత్వం తనంతట తనే ఒక గడిలో నమోదయ్యేలా కూడా పెట్టొచ్చు. అయితే ఆ అంకె మనం నిలబడ్డ చోటుకి సంబంధించింది, హద్దుకి సంబంధించింది కాదు. ఈ రెండూ కలిపేసిన పటాలు చాలా ఉన్నాయి.

జీపీఎస్ గురించి అంత బెంగ అక్కర్లేదు. ఆరుబయట ఫోన్ మూడు నుంచి ఐదు మీటర్లలో చూపుతుంది, కొబ్బరి తోటలో పదికి పోతుంది. 1:50,000 పటంలో అర మిల్లీమీటరు గీత నేల మీద 25 మీటర్లు, 1:10,000లో ఐదు. అంటే జిల్లా పటానికి ఫోన్ కావలసినదాని కంటే ఎక్కువే. ఆగర్ పాయింట్ల దగ్గర సగటు తీసే సదుపాయం ఆన్ చేసి నిమిషం నిలబడితే ఇంకా మేలు. చిన్న ముక్కల విషయంలో మాత్రం నిగ్రహం కావాలి. 1:50,000 మీద 3 మిల్లీమీటర్ల చదరం నేల మీద 2.25 హెక్టార్లు, అయిదున్నర ఎకరాలు. అంతకంటే చిన్నదాన్ని బిందువుగా గుర్తించి వదిలేయండి.

ఎత్తుల విషయంలో ఫోన్‌ని అస్సలు నమ్మొద్దు. ఇక్కడ జియాయిడ్ (సగటు సముద్ర మట్టం) జీపీఎస్ లెక్కకి వాడే ఎలిప్సాయిడ్ తలం కంటే అరవై మీటర్లకి పైగా కిందికి ఉంటుంది. దిద్దుబాటు లేకుండా కళింగపట్నం ఇసుకలో నిలబడితే ఎత్తు మైనస్ అరవైలలో చూపుతుంది. క్యూఫీల్డ్‌లో జియాయిడ్ గ్రిడ్ ఫైలు పెట్టుకునే ఏర్పాటుంది. పెట్టినా ఫోన్ ఎత్తు పది మీటర్లు ఊగుతుంది. బ్లూటూత్‌తో బయటి రిసీవర్ తగిలిస్తేనే ఆ గడిలో అంకె రాయండి.

అన్నీ జియోప్యాకేజ్ అనే ఫైలు రూపంలోనే దాచండి, పాత షేప్‌ఫైల్ రూపం వద్దు. షేప్‌ఫైల్‌లో గడి పేరు 10 బైట్లకి మించదు. తెలుగు అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు తింటుంది కాబట్టి పేరుకి మూడు అక్షరాలు మిగులుతాయి. గడిలో రాత 254 బైట్లు, అంటే 84 అక్షరాలు, అందులో గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్క. గట్టు వర్ణన రాస్తుంటే సగంలో తెగిపోతుంది, హెచ్చరిక కూడా రాదు.

గట్టు దగ్గర

ఒక కోత గట్టు దగ్గర రికార్డు ఎలా ఉండాలో చూడండి. ముందు గడ్డపారతో పై పొర చెక్కి తాజా ముఖం తీయాలి. ఎండిన ముఖం మీద రంగు చూస్తే అబద్ధం చెబుతుంది. టేపు పైనుంచి కిందికి వేలాడదీసి, ఒక్కో పొరకి ఒక్కో చైల్డ్ రికార్డు తెరవాలి. క్యూఫీల్డ్‌లో రిలేషన్ ఫారం దీనికోసమే. పై లోతు, కింది లోతు సెంటీమీటర్లలో. తడిపిన మట్టి రంగు మన్సెల్ రంగుల పుస్తకం ప్రకారం. తర్వాత చిటికెడు మట్టి తడిపి ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలా నొక్కుతూ పోవాలి. రెండున్నర సెంటీమీటర్ల లోపే తెగితే గరప, ఐదు లోపు తెగితే గరప బంక, ఐదు దాటినా వేలాడితే బంకమట్టి. పంటి కింద పెడితే కరకరలాడేది సిల్టు, నోట్లో పెట్టుకోవడం ఇష్టం లేనివాళ్లు గోటి మీద రుద్దినా తెలుస్తుంది. పది శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే పొంగిందా, లేదా. కంకర గడ్డలు పొర నిండా ఉన్నాయా, వేర్ల వెంబడే ఉన్నాయా. పొర కింది అంచు కత్తితో కోసినట్టుందా, పది సెంటీమీటర్లలో మెల్లగా మారిందా. ఇంత రాశాక ఫొటో, అందులో టేపు కనిపించి తీరాలి.

ఈ రికార్డులే కోడ్‌ని తేలుస్తాయి. పొరలు పొరలుగా ఇసుకా సిల్టూ మారుతూ, కంకర లేకుండా, లేత గోధుమ రంగులో ఉంటే అది కొత్త వరద మైదానం. గోధుమ-ఎరుపు తిరిగి, పొరల ఆనవాళ్లు చెదిరి, మీటరు లోతులో కంకర కట్టి ఉంటే పాత మెట్ట ఒండ్రు. తీరంలో ఇసుక గట్టుకి అడ్డంగా కోత దొరికితే నల్ల చారలు వెతకండి. ఖొండలైటు నుంచి వచ్చిన గార్నెట్, సిల్లిమనైటుతో పాటు ఇల్మెనైటు అలల దగ్గర అలా పోగుపడుతుంది. ఆ చారలు సముద్రం వైపు వాలి ఉంటే అది అలలు వేసిన గట్టు. గాలి పోసిన దిబ్బలో చారలు సన్నగా, ఎక్కువ ఏటవాలుగా, పలు దిక్కులకి వాలుతాయి. గట్లలో సముద్రానికి దగ్గరగా ఉన్నది కొత్తది, లోపలికి పోయేకొద్దీ పాతది. ఒక గట్టు వరుసని ఇంకో వరుస ఏటవాలుగా నరికితే నరికినది తర్వాతిది. ఈ వరసని ‘క్రమం’ అనే గడిలో అంకెగా రాసుకుంటే తర్వాత చాలా పని తప్పుతుంది.

వయసు కట్టించే ఉద్దేశం ఉంటే ఓఎస్ఎల్ (ఇసుక రేణువు చివరిసారి వెలుగు చూసి ఎంత కాలమైందో చెప్పే పరీక్ష) నమూనాకి విడి ఫారం పెట్టుకోండి. స్టీలు గొట్టం గట్టులోకి అడ్డంగా కొట్టి, వెలుగు తగలకుండా రెండు చివరలూ మూసి, నల్ల కవరులో చుట్టాలి. పై నేల నుంచి లోతు, చుట్టూ 30 సెంటీమీటర్లలో ఏ మట్టి ఉందో, తేమ కోసం విడిగా తీసిన మట్టి సంచి నెంబరు ఇవి ఫారంలో లేకపోతే ప్రయోగశాల ఇచ్చే అంకెకి విలువ పడిపోతుంది. తీరంలో గవ్వలకి కార్బన్ పరీక్ష చేయిస్తే సముద్రపు పాత కార్బన్ దిద్దుబాటు కూడా అడగండి.

రైతు చెప్పినదానికి కూడా ఒక గడి ఉండాలి. బోరు వేసినప్పుడు ఎన్ని అడుగులకి ఇసుక తగిలింది, ఎక్కడ రాయి తగిలింది అన్నది బోరు యజమానికి నోటి లెక్కలో ఉంటుంది. ఇసుక రేవుల దగ్గర ఫోన్ పట్టుకుని ఫొటోలు తీస్తూ తిరిగే మనిషిని ఎవరూ భూవిజ్ఞాని అనుకోరు. ముందు ఊళ్లో పలకరించి, పని చెప్పి వెళ్లండి.

డేటా ఎక్కడ పోతుంది

యాప్ మీద అసలైన ఫిర్యాదులు ఇక్కడ మొదలవుతాయి. ఆండ్రాయిడ్‌లో ప్రాజెక్టు యాప్ సొంత ఫోల్డర్‌లో ఉంటుంది. యాప్ తీసేస్తే దానితో పాటు డేటా కూడా పోతుంది. ఏదో నెమ్మదిగా ఉందని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకునేవాళ్లకి ఆ సంగతి తర్వాత గానీ తెలియదు. ప్రతి సాయంత్రం ప్రాజెక్టుని బయటికి ఎగుమతి చేయండి.

రెండోది, జియోప్యాకేజ్ పక్కన వాల్ అనే చిన్న ఫైలు ఒకటి పుడుతుంది. తాజా మార్పులు కాసేపు దానిలోనే ఉంటాయి. కేబుల్ పెట్టి పెద్ద ఫైలొక్కటే కాపీ చేసుకుంటే మధ్యాహ్నం చేసిన పని రాదు. ప్రాజెక్టు మూసేసి, ఫోల్డరు మొత్తం కాపీ చేయాలి. ఫొటోలు డీసీఐఎం ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి, రికార్డులో వాటి దారి మాత్రమే ఉంటుంది. ఫొటో పేరు మారిస్తే లంకె తెగుతుంది.

ఇద్దరు ముగ్గురు కలిసి పని చేస్తే క్యూఫీల్డ్‌క్లౌడ్ సౌకర్యమే. ఉచిత ఖాతాలో చోటు తక్కువ, ఫొటోలతో త్వరగా నిండుతుంది. సీతంపేట, పార్వతీపురం వైపు కొండ దారుల్లో సిగ్నల్ మీద ఆధారపడకండి. నదిని సరిహద్దుగా పెట్టుకుని ఒక్కొక్కరికీ ఒక్కో గట్టు పంచుకుంటే ఇద్దరూ ఒకే గీతని మార్చే ఇబ్బంది రాదు. మే నెల మధ్యాహ్నం ఫోన్ వేడెక్కి ఛార్జింగు ఆపేస్తుంది. పవర్ బ్యాంకు ఎండలో పెట్టి లాభం లేదు, సంచిలో నీళ్ల సీసా పక్కన ఉంచండి.

ఇంటికొచ్చాక గీతల్ని పాలిగన్లుగా మార్చేటప్పుడు సగం ముక్కలు రావు. కారణం ఎప్పుడూ ఇదే: గీత చివర పక్క గీతకి తగల్లేదు, లేదా రెండు గీతలు దాటుకున్నాయి గానీ ఆ చోట కణుపు లేదు. ఫోన్‌లో స్నాపింగు 12 పిక్సెళ్లకి పెట్టుకుని, కంప్యూటర్‌లో ముందు గీతల్ని గీతలతో విడగొట్టి, టోపాలజీ చెకర్‌లో వేలాడే చివరల్ని వెతికి, ఆ తర్వాతే పాలిగనైజ్ నొక్కండి. కోడ్ బిందువులతో లొకేషన్ జాయిన్ చేశాక ఒక ముక్కలో రెండు బిందువులుంటే హద్దు మరిచినట్టు, ఒక్కటీ లేకపోతే కోడ్ మరిచినట్టు.

మిగతా యాప్‌ల సంగతి రెండు ముక్కల్లో. రాతి పొరల వాలు, దిశ కొలిచే పని ఎక్కువగా ఉంటే ఫీల్డ్‌మూవ్ క్లైనో మేలు, ఒండ్రులో ఆ పని దాదాపు ఉండదు. పీడీఎఫ్ పటం మీద చుక్కలు పెడితే చాలనుకునేవాళ్లకి అవెంజా సులువు, ఫారాలు అంత లోతుగా కుదరవు. ఆర్క్‌జీఐఎస్ ఫీల్డ్ మ్యాప్స్ మంచిదే, ఆఫీసు లైసెన్సు కడుతుంటే వాడుకోండి. సొంత డబ్బుతో పని చేసే పరిశోధక విద్యార్థికి, పంచాయతీకి భూగర్భజల పటం గీసిచ్చే చిన్న బృందానికి క్యూఫీల్డే సరి. నెల రోజుల్లో ఫలితం చూపించాలనే హడావిడిలో క్యూజీఐఎస్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మాత్రం వద్దు.

చివరిగా అచ్చు పటం. క్యూజీఐఎస్ లేఅవుట్‌లో తెలుగు బాగానే వస్తుంది. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ పెట్టుకుని, పీడీఎఫ్ తీసేటప్పుడు అక్షరాల్ని ఆకారాలుగా ఎగుమతి చేయమనండి, లేకపోతే ఇంకో కంప్యూటర్‌లో ఒత్తులు చెదురుతాయి. నది పేరు వంపు తిరుగుతూ రావాలని వంపు లేబుల్ పెడితే ‘వంశధార’ ముక్కలయ్యే ప్రమాదం ఉంది, సమాంతర లేబుల్ పెట్టండి. హద్దు గీతల్లో ఖాయమైనవి నిండుగా, అంచనావి తునకలుగా, ఊహించినవి చుక్కలుగా ఫారంలోని నమ్మకం గడిని బట్టి వాటంతటవే మారేలా స్టైలు కట్టుకోండి. అది ఒకసారి కట్టుకుంటే ఫోన్‌లోనూ అలాగే కనిపిస్తుంది. మర్నాడు ఏ గట్టుకి మళ్లీ వెళ్లి ఆగర్ వేయాలో ఆ చుక్కల గీతలే చెబుతాయి.